విలెమ్ కాల్ఫ్ బల్ల: పింగాణీ, గుల్ల, నిమ్మపండు

1662లో డచ్ చిత్రకారుడు విలెమ్ కాల్ఫ్ గీసిన ఒక నూనెరంగుల చిత్రం ఇప్పుడు మాడ్రిడ్ నగరంలోని థైసెన్-బోర్నెమిస్సా మ్యూజియంలో ఉంది. కాన్వాసు పెద్దదేమీ కాదు. ఎత్తు 79 సెంటీమీటర్ల పైచిలుకు, వెడల్పు 67 సెంటీమీటర్లు. ఇందులో మనుషులు లేరు, కథ లేదు, కొండా కోనా లేవు. ఒక బల్ల అంచు ఉంది. దాని మీద మడతలు పడిన తివాచీ, వెండి పళ్లెం, సగం తొక్క తీసిన నిమ్మపండు, చైనా పింగాణీ గిన్నె, సముద్రపు గుల్లతో చేసిన పానపాత్ర ఉన్నాయి. వెనక చీకట్లో ఒకటి రెండు గాజు పాత్రలు కనిపిస్తాయి. ఇలాంటి చిత్రాలను స్టిల్ లైఫ్ అంటారు, తెలుగులో నిశ్చల చిత్రాలు అంటున్నారు. 17వ శతాబ్దపు యూరప్‌లో, కళాచరిత్రకారులు బరోక్ యుగం అని పిలిచే కాలంలో, ఈ ప్రక్రియ అందుకున్న శిఖరాల్లో ఈ చిత్రం ఒకటి.

దీన్ని చూసేవారి కన్ను ముందు చీకటిని దాటాలి. కాన్వాసులో చాలా భాగం చీకటే. అది వట్టి నలుపు కాదు, గోధుమరంగు లోపలి నుంచి వెచ్చగా కమ్ముకున్న చీకటి. ఒక పక్క నుంచి వచ్చే వెలుగు కొన్ని వస్తువులను మాత్రమే తాకుతుంది. తాకినచోట ఒక్కో వస్తువు ఒక్కో తీరుగా స్పందిస్తుంది. పింగాణీ వెలుగును తన నునుపు మీద నిలిపి చూపిస్తుంది. వెండి దాన్ని పక్కవాటి మీదికి విసిరేస్తుంది. గాజు దాదాపు అంతటినీ పోనిచ్చి, ఎక్కడో ఒక చుక్క మాత్రం దాచుకుంటుంది. తివాచీ ఉన్ని వెలుగును పీల్చేసుకుని తన ఎరుపును మాత్రం బయటపెడుతుంది. ఒకే వెలుగు ఇన్ని పదార్థాల మీద ఇన్ని విధాలుగా పడటమే ఈ చిత్రానికి అసలు కథావస్తువు. పాత్రలూ పండ్లూ అందుకు ఆధారాలు.

ముందుగా నిమ్మపండు. డచ్ నిశ్చల చిత్రాల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. పండు సగం ఒలిచి ఉంటుంది, తొక్క చుట్లు చుట్టుకుంటూ పళ్లెం అంచు దాటి కిందికి వేలాడుతుంది. చిత్రకారులు దీన్ని పదేపదే ఎన్నుకోవడానికి కారణం ఉంది. ఒకే పండులో మూడు వేర్వేరు ఉపరితలాలు దొరుకుతాయి. బయట గరుకుగా, చిన్న చిన్న గుంటలతో ఉండే పసుపు చర్మం. దాని కింద వెలుగు అంటని, మెత్తటి తెల్లపొర. లోపల రసంతో మెరిసే తొనలు. ఈ మూడింటినీ పక్కపక్కనే పెట్టి, మూడూ ఒకే పండువని నమ్మించాలి. కాల్ఫ్ తొక్కకు రంగును దట్టంగా, గింజలు గింజలుగా పెట్టాడు. కాన్వాసుకు దగ్గరగా వెళితే అవి రంగు ముద్దలే. రెండడుగులు వెనక్కి జరిగి చూస్తే, వేలికి గరుకు తగిలేటంత నిజమైన తొక్క. ఆ కాలంలో పసుపుకు వాడిన ప్రధాన రంగుల్లో సీసం, తగరం కలిపి కాల్చి తయారుచేసే పసుపు ఒకటి. 18వ శతాబ్దం మధ్యకు వచ్చేసరికి అది వాడుకలోంచి పోయింది. అలాంటి రంగొకటి ఉండేదన్న సంగతి కూడా జనం మరిచిపోగా, 1941లో రిచర్డ్ యాకోబీ అనే శాస్త్రజ్ఞుడు పాత చిత్రాలను పరీక్షిస్తూ దాన్ని మళ్లీ గుర్తించాడు.

నిమ్మపండు పక్కనున్న పింగాణీ గిన్నె చైనాది. మింగ్ వంశపు వాన్లీ చక్రవర్తి కాలానికి, అంటే 1573కూ 1620కీ మధ్య కాలానికి చెందిన తరహా. దాని ఒంటి మీద చైనాలోని తావో సంప్రదాయంలో పూజలందుకునే ఎనిమిదిమంది అమరుల బొమ్మలు ఉబ్బెత్తుగా అతికించి ఉంటాయి. చక్కెర ఉంచుకోవడానికి ఇలాంటి గిన్నెలు వాడేవారని భావిస్తారు. కాల్ఫ్ దీన్ని ఒక్క చిత్రంతో వదిలిపెట్టలేదు. బెర్లిన్‌లో ఉన్న మరో చిత్రంలోనూ ఇదే తరహా గిన్నె కనిపిస్తుంది. ఆ చిన్న బొమ్మల భుజాల మీద, మడతల మీద వెలుగు బొట్టు బొట్టుగా నిలిచిన తీరు చూస్తే, చైనా కుమ్మరి చేతిపనిని హాలెండ్ చిత్రకారుడు ఎంత శ్రద్ధగా చదివాడో తెలుస్తుంది. ఆ బొమ్మలు ఎవరివో, వాటి కథ ఏమిటో కాల్ఫ్‌కు తెలిసి ఉండకపోవచ్చు. అయినా ఒక్క బొమ్మనూ అలంకారపు గీతగా కుదించి వదిలేయలేదు. ఇది చిన్న విషయం కాదు.

చైనా పింగాణీ డచ్చివారి ఇళ్లకు చేరిన చరిత్ర అంత మృదువైనది కాదు. 1602లో డచ్ ఈస్టిండియా కంపెనీ ఏర్పడింది. మరుసటి ఏడాది, 1603లో, సింగపూర్ సమీపంలో డచ్చివారు శాంతా కాతరీనా అనే పోర్చుగీసు ఓడను పట్టుకున్నారు. అందులోని సరుకును 1604లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వేలం వేశారు. వేలానికి వచ్చిన పింగాణీ లక్ష ముక్కల దాకా ఉందని చెబుతారు. కొన్నవారిలో ఫ్రాన్సు, ఇంగ్లండు రాజులు కూడా ఉన్నారు. ఆ తర్వాత పింగాణీ మోజు మధ్యతరగతి ఇళ్లకూ పాకింది. 1640లలో చైనాలో మింగ్ వంశం కూలిపోయి సరఫరా దెబ్బతింది. డెల్ఫ్ట్ పట్టణపు కుమ్మరులు తగరపు పూతతో నీలం, తెలుపు పాత్రలు చేసి ఆ లోటు తీర్చారు. కాబట్టి 1662లో అసలైన వాన్లీ గిన్నె పాతకాలపు సొత్తు. దాని విలువ కాల్ఫ్‌కు బాగా తెలుసు. అతను చిత్రకారుడే కాక కళావస్తువులు కొని అమ్మే వ్యాపారి, వాటికి విలువ కట్టడంలో ఆరితేరినవాడు.

గిన్నెకు తోడుగా నిలిచినది నాటిలస్ పాత్ర. నాటిలస్ హిందూ, పసిఫిక్ మహాసముద్రాల లోతుల్లో బతికే జీవి. దాని గుల్ల పై పొరను తొలగిస్తే లోపలి ముత్యపు మెరుపు బయటపడుతుంది. యూరప్ కంసాలులు ఆ గుల్లకు బంగారు పూత పూసిన వెండితో కాడ, పీఠం, అలంకారాలు చేసి పానపాత్రగా మలిచేవారు. ఇది తాగడానికి కన్నా చూసి ఆనందించడానికే ఎక్కువ. ఈ చిత్రంలోని పాత్ర మీద రోమన్ సముద్రదేవుడు నెప్ట్యూన్ ఉన్నాడు. అక్కడే నోరు తెరిచిన సముద్రజంతువు ముందు ఒక చిన్న మనిషి ఆకారం కనిపిస్తుంది. అతన్ని బైబిల్లోని యోనాగా చాలామంది గుర్తిస్తారు. గుల్ల పల్చని చోట వెలుగు దాని గుండా లోపలికి చొరబడి, గుల్ల తనలో తానే వెలుగుతున్నట్టు అనిపిస్తుంది. నిజానికి కాల్ఫ్ దగ్గర ఉన్నవి తెలుపు, బూడిద, కాస్త పసుపు, కాస్త గులాబీ. వాటిని పల్చని పొరలు పొరలుగా ఒకదాని మీద ఒకటి పరిచి, కింది పొర పై పొర గుండా తొంగిచూసేలా చేశాడు. నూనెరంగుకు బాగా నప్పే పని ఇది.

వెనకనున్న గాజు పాత్రలు ఇంకా కష్టమైనవి. వాటిని గీయడమంటే దాదాపు ఏమీ గీయకుండా ఉండటం. చీకటి మీద ఒక అంచు, ఒక వంపు, వెలుగు వచ్చిన వైపు ఒక తెల్లటి చుక్క, ద్రాక్షసారాయి ఉన్నచోట కొద్దిగా బంగారు ఛాయ. ఇంతే ఉంటుంది. మిగతా పాత్రను చూసేవారి కన్నే పూర్తి చేస్తుంది. కాల్ఫ్ భార్య కార్నేలియా ప్లూవియర్ వజ్రపు మొనతో గాజు మీద చెక్కే కళలో పేరున్న మనిషి. వారి పెళ్లి 1651లో హోర్న్ పట్టణంలో జరిగింది. గాజును దగ్గరగా, ఓపికగా చూడటం ఆ ఇంట్లో ఇద్దరికీ తెలిసిన విద్య.

ఇక తివాచీ. 17వ శతాబ్దపు డచ్ ఇళ్లలో తూర్పు దేశాల తివాచీలను నేల మీద పరిచేవారు కాదు, బల్లల మీద కప్పేవారు. అంత ఖరీదైనవి. పర్షియా, టర్కీ, భారతదేశం నుంచి అవి వెళ్లేవి. ఈ సందర్భంలో తెలుగునేలకు సంబంధించిన ఒక సంగతి ఉంది. ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ అధికారి స్ట్రెయిన్‌షామ్ మాస్టర్ 1679లో ఏలూరు మీదుగా ప్రయాణిస్తూ, అక్కడ పర్షియా పద్ధతిలో మేలైన తివాచీలు నేస్తున్నారనీ, నేసేవారి పూర్వులు నూరేళ్లకు పైగా కిందట పర్షియా నుంచి వచ్చినవారనీ రాసుకున్నాడు. కాల్ఫ్ బల్ల మీది తివాచీ ఏలూరుదని చెప్పడానికి ఆధారం లేదు. కానీ అలాంటి వస్తువుల రాకపోకల దారిలో కోస్తా ఆంధ్ర పక్కన నిలబడి చూసిన ప్రాంతం కాదు, ఆ దారికి ఒక ముఖ్యమైన మజిలీ.

ఆ మాట వస్త్రాల విషయంలో ఇంకా బలంగా వర్తిస్తుంది. డచ్చివారు 1606లో గోల్కొండ సుల్తాను అనుమతితో మచిలీపట్నంలో వ్యాపారం సాగించారు. పాలకొల్లు, భీమునిపట్నం వంటిచోట్ల కూడా వారి స్థావరాలు వెలిశాయి. వారికి కావలసింది తెలుగు నేతగాళ్ల నూలు బట్ట, అద్దకం బట్ట. ఎందుకంటే ఇప్పటి ఇండోనేషియా ద్వీపాల్లో లవంగం, జాజికాయ, జాపత్రి అమ్మేవారు వెండి కన్నా ఈ బట్టలనే ఎక్కువ ఇష్టపడి తీసుకునేవారు. 1612లో హెండ్రిక్ బ్రావర్ అనే డచ్ కంపెనీ అధికారి, మచిలీపట్నం ఉన్న కోరమండల్ తీరం మసాలా ద్వీపాలకు ఎడమచేయి లాంటిదని, ఇక్కడి బట్ట లేకపోతే అక్కడి వ్యాపారం చచ్చిపోతుందని రాశాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లో పోగైన సంపదలో, ఆ సంపదతో కొన్న గుల్లల్లో, గిన్నెల్లో, వాటిని గీసిన చిత్రాల్లో గోదావరి, కృష్ణా డెల్టాల మగ్గాలకు ఆ మేరకు వాటా ఉంది.

ఆ సంపదకు మరో ముఖం కూడా ఉంది. 1621లో యాన్ పీటర్స్‌జూన్ కూన్ నాయకత్వంలో కంపెనీ సేనలు జాజికాయ పండే బాందా ద్వీపాలను ఆక్రమించుకున్నాయి. అక్కడి జనంలో అత్యధికులు చంపబడ్డారు, బానిసలయ్యారు, లేదా పారిపోయారు. చక్కెర బ్రెజిల్ తోటల నుంచి వచ్చేది. ఆ తోటల్లో చాకిరీ చేసింది ఆఫ్రికా నుంచి పట్టి తెచ్చిన బానిసలు. 1630 నుంచి 1654 దాకా బ్రెజిల్ ఈశాన్య భాగం డచ్చివారి చేతిలోనే ఉంది. ఇవేవీ కాల్ఫ్ చిత్రంలో కనిపించవు. వస్తువు కనిపిస్తుంది, దాన్ని తెచ్చిన చెయ్యి కనిపించదు. ఈ నిశ్శబ్దాన్ని గుర్తించకుండా చిత్రాన్ని మెచ్చుకోవడం అరకొర మెప్పే అవుతుంది. అలాగని ఆ చరిత్ర పేరుతో చిత్రంలోని పనితనాన్ని తోసిపుచ్చడమూ న్యాయం కాదు. రెండూ నిజాలే. చూసేవారు రెండింటినీ మోయాలి.

కాల్ఫ్ ఈ స్థాయికి ఒక్కసారిగా రాలేదు. అతను 1619లో రోటర్‌డామ్‌లో బట్టల వ్యాపారి ఇంట పుట్టాడు. 1640లలో కొన్నేళ్లు పారిస్‌లో ఉన్నాడు. అక్కడ గీసిన చిన్న చిత్రాల్లో పల్లెటూరి వంటిళ్లు, రాగి బిందెలు, గోడవార పడేసిన కూరగాయలు ఉంటాయి. ఆ తర్వాత హాలెండ్ తిరిగి వచ్చి, 1650లలో ఆమ్‌స్టర్‌డామ్‌లో స్థిరపడ్డాక ఈ విలాసవస్తువుల చిత్రాలు మొదలయ్యాయి. 1693లో అక్కడే చనిపోయాడు.

అతనికి ముందు ఈ ప్రక్రియకు బలమైన పునాది పడింది. ఆంట్‌వెర్ప్‌లో క్లారా పేటర్స్ 1610 ప్రాంతాల్లోనే బంగారు పూత పాత్రలు, చీజు ముద్దలు, చేపలు గీసింది. ఆ పాత్రల ఉబ్బెత్తు మెరుపుల్లో గోరంత పరిమాణంలో తన ముఖాన్నే ప్రతిబింబంగా దాచిపెట్టింది. ఆడవాళ్లకు చిత్రకళలో చోటు అంతంతమాత్రంగా ఉన్న కాలంలో ఆమె చేసిన సంతకం అది. 2016లో మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియం ఒక మహిళా చిత్రకారికే పూర్తిగా కేటాయించి తొలి ప్రదర్శన పెట్టినప్పుడు, ఆ గౌరవం ఆమెకే దక్కింది. హార్లెమ్ నగరంలో పీటర్ క్లాస్, విలెమ్ క్లాస్ హెడా మరో దారి తొక్కారు. వారు రంగులను బాగా తగ్గించి, బూడిద, గోధుమ, లేత ఆకుపచ్చ ఛాయలతోనే బల్లను నింపారు. హెడా 1635లో గీసిన బంగారు పాత్ర చిత్రం ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో ఉంది. అందులో ఆల్చిప్పలు, నిమ్మపండు, పడిపోయిన వెండి పాత్ర, కాగితపు పొట్లంలో మిరియాలు ఉంటాయి. భోజనం ముగించి ఎవరో అప్పుడే లేచి వెళ్లినట్టుంటుంది. కాల్ఫ్ బల్ల అలా ఉండదు. అక్కడ ఎవరూ తినలేదు, తినబోరు. వస్తువులు తక్కువ, రంగు గాఢం, చీకటి లోతు.

ఈ చిత్రాలకు అర్థం ఏమిటన్న వాదన పాతది. కొన్ని నిశ్చల చిత్రాల్లో పుర్రె, ఇసుక గడియారం, ఆరిపోయిన కొవ్వొత్తి ఉంటాయి. ఐహిక సుఖాలు క్షణికమన్న హెచ్చరిక వాటిలో సూటిగానే కనబడుతుంది. ఆ లెక్కన ప్రతి నిమ్మతొక్కకూ, ప్రతి గాజు పాత్రకూ ఒక ధర్మబోధ అంటగట్టడం 20వ శతాబ్దంలో పరిపాటి అయింది. పైకి అందంగా, లోపల పుల్లగా ఉంటుంది కాబట్టి నిమ్మపండు మోసానికి గుర్తు అన్నారు. చిత్రాల్లో దాగిన నీతులను వెతికే మార్గానికి డచ్ పండితుడు ఎడీ డి యాంగ్ ముఖ్యుడు. దానికి ఎదురు నిలిచి 1983లో స్వెట్లానా ఆల్పర్స్ ఒక పుస్తకం రాసింది. డచ్ చిత్రకళ నీతులు చెప్పడం కన్నా లోకాన్ని వర్ణించడం మీదే మనసు పెట్టిందని ఆమె వాదన. సూక్ష్మదర్శిని, పటాల తయారీ వృద్ధి చెందుతున్న దేశంలో చూడటమే ఒక జ్ఞానమార్గమని ఆమె చూపింది.

కాల్ఫ్ విషయంలో సాక్ష్యం ఆల్పర్స్ వైపే మొగ్గుతుంది. గెరార్డ్ డి లైరెస్ అనే చిత్రకారుడు 1707లో అచ్చయిన తన గ్రంథంలో కాల్ఫ్ నైపుణ్యాన్ని ఒప్పుకుంటూనే, ఫలానా వస్తువును ఎందుకు గీశాడో అతను చెప్పలేకపోయేవాడని, తోచినదల్లా గీశాడని తప్పుపట్టాడు. అది నింద. కానీ ఒక తరం తర్వాతి మనిషికే ఆ చిత్రాల్లో గూఢార్థం దొరకలేదన్న సమాచారం కూడా. గూఢార్థం లేకపోవడం లోటు కాదు. నిమ్మపండును నిమ్మపండుగా, గుల్లను గుల్లగా అంత పూర్తిగా చూడగలగడం చిన్న పని కాదు.

ఆ కాలపు పెద్దలు అలా అనుకోలేదు. 1660లలో పారిస్ అకాడమీ తరఫున ఆంద్రే ఫెలిబియాన్ చిత్రాల ప్రక్రియలకు మెట్లు కట్టినప్పుడు చరిత్ర, పురాణ ఘట్టాలను పైన, ప్రాణం లేని వస్తువులను అడుగున పెట్టాడు. 1678లో హాలెండ్‌లోనే సామ్యూల్ వాన్ హోగ్‌స్ట్రాటెన్ నిశ్చల చిత్రకారులను కళాసైన్యంలో మామూలు సిపాయిలన్నాడు. కొనేవారు మాత్రం కొంటూనే ఉన్నారు. నూరేళ్లు గడిచాక, 1797లో, జర్మన్ మహాకవి గోథే ఫ్రాంక్‌ఫర్ట్‌లో కాల్ఫ్ చిత్రం ఒకటి చూసి, బంగారు పాత్రలు కావాలా ఈ చిత్రం కావాలా అని అడిగితే తాను చిత్రాన్నే ఎంచుకుంటానని రాశాడు. ఆ తూకం సరైనదే. కంసాలి చేసిన పాత్ర ఒక్క పదార్థాన్ని లొంగదీసుకుంటుంది. కాల్ఫ్ నూనె, రంగుపొడి మాత్రమే పెట్టుకుని వెండినీ, గాజునూ, ముత్యపు పొరనూ, పండునూ, ఉన్నినీ రప్పించాడు.

ఇలాంటి చిత్రాన్ని చూడటానికి పద్ధతి కష్టమైనది కాదు, కాకపోతే తొందర పనికిరాదు. ముందు వెలుగు ఎటునుంచి వస్తోందో కనిపెట్టాలి. ప్రతి వస్తువు మీదా దాని అత్యంత ప్రకాశవంతమైన చుక్క ఎక్కడుందో వెతకాలి. పింగాణీ మీది చుక్క గట్టిగా, అంచులు తేలి ఉంటుంది. వెండి మీదిది సాగి ఉంటుంది. గుల్ల మీదిది కరిగిపోయి ఉంటుంది. తర్వాత ఒక వస్తువు రంగు పక్కదాని మీద ఎక్కడ పడిందో చూడాలి. వెండి పళ్లెంలో నిమ్మపండు పసుపు అలాంటి చోట దొరుకుతుంది. చివరగా చీకట్లోకి చూస్తూ ఉండాలి. మొదట కనిపించని గాజు అంచులు కాసేపటికి బయటపడతాయి.

మాడ్రిడ్ వెళ్లలేనివారు ఈ చిత్రాన్ని మ్యూజియం వెబ్‌సైట్‌లో చూడవచ్చు. హైదరాబాద్‌లో ఉన్నవారికి, అక్కడికి వచ్చిపోయేవారికి మరో అవకాశం ఉంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో చైనా పింగాణీ, వెనిస్ గాజు, యూరప్ వెండి సామాను విస్తారంగా ఉన్నాయి. ఈసారి అక్కడికి వెళ్లినప్పుడు పేరుపలకలు చదువుకుంటూ సాగిపోకుండా, ఒక్క పింగాణీ పాత్ర ముందు పది నిమిషాలు నిలబడి, దాని మీద వెలుగు ఎలా పడుతోందో చూసి రావాలి. ఆ తర్వాత కాల్ఫ్ చిత్రాన్ని తెరిచి చూడాలి.